చమురు ఆంక్షలు ఎక్కడ బిగిస్తే పనిచేస్తాయి

చెన్నై అన్నానగర్‌లో హాస్టల్లో ఉండి సివిల్స్‌కి చదువుకుంటున్న కావలి అమ్మాయి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "ఇరాన్ మీద ఆంక్షలు ఉన్నాయి, రష్యా మీదా ఉన్నాయి. అయినా రెండు దేశాలూ చమురు అమ్ముతూనే ఉన్నాయి. ఒక దేశపు చమురు ఎగుమతులను కట్టడి చేసే ఆంక్షలు నిజంగా సాధ్యమేనా? సాధ్యమైతే వాటిని ఎలా రూపొందించాలి? మధ్యలో మనలాంటి దేశాల సంగతేమిటి?"

నేను ఆర్థికశాస్త్రం చదివినవాణ్ణి కాదమ్మా. బీకాం అయ్యాక రాజాజీ సాలైలో ఒక షిప్పింగ్ ఆఫీసులో చేరి, ముప్ఫై ఏళ్లకు పైగా ట్యాంకర్ల ఛార్టరింగ్ (ఓడల్ని కిరాయికి కుదర్చడం), క్రూడ్ అంటే ముడి చమురు కార్గోల కాగితాలు చూసినవాణ్ణి. ఆంక్షలు వచ్చిన ప్రతిసారీ అవి మొదట తగిలేది మాలాంటి ఆఫీసులకే. ఫలానా ఓడ తీసుకోవచ్చా, ఫలానా బ్యాంకు డబ్బు పంపుతుందా, బీమా ఉందా అని ఫోన్లు మోగేది అక్కడే. కాబట్టి అక్కడినుంచి చూసిందే చెబుతాను.

ముందుగా మీ ప్రశ్నలోనే ఒక చిన్న సవరణ. "అమ్ముతూనే ఉన్నారు" అనేదాన్ని మీరు ఆంక్షలు విఫలమైనట్టు లెక్క వేస్తున్నారు. నా ఉద్దేశంలో చమురు కదులుతూనే ఉండాలి. ఆగాల్సింది దాని తాలూకు డబ్బు. ఎన్ని బ్యారెళ్లు ఆపాం అని చూసుకునే ఆంక్ష దాదాపు ఎప్పుడూ తప్పుగానే రూపొందుతుంది.

దీన్ని లెక్క వేసి చూడండి. అంకెలు నేను అనుకున్నవే, కానీ పరిమాణాలు వాస్తవానికి దగ్గరగానే ఉంటాయి. ఒక దేశం రోజుకి 20 లక్షల బ్యారెళ్లు అమ్ముతోంది. ధర 80 డాలర్లు. అంటే రోజుకి 16 కోట్ల డాలర్లు. తవ్వి ఓడ దాకా తేవడానికి బ్యారెల్‌కి 15 డాలర్లు ఖర్చు అనుకుంటే 3 కోట్లు పోను 13 కోట్లు మిగులుతాయి.

ఇప్పుడు ఆ ఎగుమతుల్లో సగం పూర్తిగా ఆపేశారనుకోండి. 10 లక్షల బ్యారెళ్లు మార్కెట్ నుంచి మాయమయ్యాయి కాబట్టి ప్రపంచ ధర 90కి ఎగబాకింది. మిగిలిన 10 లక్షలు 90 చొప్పున అమ్మితే 9 కోట్లు వస్తాయి. ఖర్చు కోటిన్నర పోను ఏడున్నర కోట్లు మిగులు. ఆ దేశానికి నష్టం రోజుకి అయిదున్నర కోట్లు. కానీ ప్రపంచం రోజుకి దాదాపు 10 కోట్ల బ్యారెళ్లు వాడుతుంది. ఒక్కో బ్యారెల్‌కి 10 డాలర్లు అదనం అంటే రోజుకి 100 కోట్ల డాలర్లు. వాళ్లకి అయిదున్నర కోట్ల నష్టం కలిగించడానికి అందరం కలిసి 100 కోట్లు కడుతున్నాం. ఆ 100 కోట్లలో దాదాపు అంతా ఇతర చమురు ఉత్పత్తిదారుల ఖాతాలోకి వెళ్తుంది.

రెండో పద్ధతి చూడండి. 20 లక్షల బ్యారెళ్లూ కదులుతాయి, ప్రపంచ ధర 80 దగ్గరే ఉంటుంది. కానీ ఆ దేశం చేతికి బ్యారెల్‌కి 50 మాత్రమే వచ్చేలా బిగించారు. 10 కోట్ల రాబడి, 3 కోట్ల ఖర్చు, 7 కోట్ల మిగులు. నష్టం 6 కోట్లు. మొదటిదానికన్నా ఎక్కువే. మన పెట్రోల్ బంకులో ధర మాత్రం పెరగలేదు. పరీక్షకి ఏం గుర్తున్నా లేకపోయినా ఈ లెక్క మాత్రం ఒకసారి మీ చేత్తో కాగితం మీద వేసి చూసుకోండి.

అంత తక్కువకి ఆ దేశం ఎందుకు అమ్ముతుందన్నది మీ తర్వాతి ప్రశ్న అవుతుంది. తెల్లవారుజామున కోయంబేడు మార్కెట్‌కి మదనపల్లె టమాటా లారీ వస్తుంది. దాన్ని వెనక్కి తీసుకెళ్లే దారి లేదని కొనేవాడికి తెలుసు. అందుకే ధర అతను చెప్పిందే. చమురు టమాటాలా కుళ్లదు గానీ, నిల్వ చేయడానికి ట్యాంకులు వారాల్లోనే నిండిపోతాయి. ఆ తర్వాత బావి మూసేయాలి. పాత బావులనీ, సైబీరియా చలిలో ఉన్న బావులనీ మూస్తే మళ్లీ తెరిచినప్పుడు పాత దిగుబడి వస్తుందన్న నమ్మకం లేదు. 2018 తర్వాత ఇరాన్ తన సొంత ట్యాంకర్లలోనే చమురు నింపి సముద్రంలో నిలబెట్టింది. అమ్మకందారుకి ఖర్చు 15 అయినప్పుడు, 50కి అమ్మడం బాధగా ఉన్నా మానేయడం అంతకన్నా బాధ. ఆంక్షల రూపకర్తకి ఉన్న అసలు బలం ఇక్కడే ఉంది.

అయితే బ్యారెళ్లనే ఆపేసి గెలిచిన సందర్భం చరిత్రలో లేకపోలేదు. 1951లో ప్రధాని మొసద్దెగ్ ప్రభుత్వం, అప్పటిదాకా బ్రిటిష్ కంపెనీ చేతిలో ఉన్న ఇరాన్ చమురును జాతీయం చేసినప్పుడు బ్రిటన్ ఆ చమురు కొన్నవాళ్ల మీద కేసులు వేస్తానని బెదిరించింది. 1952లో రోజ్ మేరీ అనే ట్యాంకర్ ఇరాన్ చమురుతో వెళ్తుంటే దాన్ని తన ఏలుబడిలో ఉన్న ఏడెన్ రేవుకి మళ్లించి పట్టుకుంది. ఇరాన్ ఎగుమతులు రెండేళ్లపాటు దాదాపు ఆగిపోయాయి. అది సాధ్యపడడానికి కారణం కువైట్, సౌదీ అరేబియా, ఇరాక్ ఉత్పత్తి పెంచి ఆ లోటు పూడ్చడం. అంటే పూర్తి నిషేధం గురించి ఆలోచించే ముందు, మరొకరి దగ్గర వాడకుండా ఉన్న ఉత్పత్తి సామర్థ్యం ఎంత ఉందో చూసుకోవాలి. అప్పుడూ చిల్లు పడింది. 1953లో ఇదెమిత్సు అనే జపాన్ కంపెనీ తన నిస్షో మారు ఓడను ఇరాన్‌లోని అబదాన్ రేవుకి పంపి ఇరాన్ సరుకు తెచ్చుకుంది. బ్రిటిష్ కంపెనీ టోక్యో కోర్టుకి వెళ్లి ఓడిపోయింది. కొనుగోలుదారు దేశంలోని చట్టం మీతో లేకపోతే ఓడలు పట్టుకుంటూ ఎంతకాలం తిరుగుతారు? ఆ కథ ఎలా ముగిసిందో మీకు తెలిసే ఉంటుంది. 1953 ఆగస్టులో మొసద్దెగ్‌ని కుట్రతో దించేశారు. ఇరాన్ ప్రజలు ఆ గాయాన్ని ఇంకా మర్చిపోలేదు. దాన్ని నేను విజయం అనలేను.

ఇక బిగించాల్సిన చోట్లు. చమురు వ్యాపారంలో సరుకు ఒక దారిన వెళ్తే, దానికి కావలసిన సేవలు వేరే దారుల్లో వస్తాయి. బీమా, బ్యాంకు, ఓడ జెండా, తనిఖీ సంస్థ, బ్రోకర్. సరుకుని పట్టుకోవడానికి సముద్రమంతా వెతకాలి. సేవలు మాత్రం కొన్ని నగరాల్లోని కొన్ని ఆఫీసుల్లోనే ఉంటాయి.

బీమా సంగతి నేను కళ్లారా చూశాను. సముద్రం మీద తిరిగే ఓడల మొత్తం టన్నేజీలో దాదాపు 90 శాతానికి పీ అండ్ ఐ కవర్ ఇచ్చేది, ఓడ యజమానులే కలిసి నడుపుకునే బీమా క్లబ్బుల ఒకే ఒక సముదాయం. అందులో ఎక్కువభాగం లండన్‌తోనూ యూరప్‌తోనూ ముడిపడి ఉంటుంది. ఓడ వల్ల ఇతరులకి జరిగే నష్టాన్ని భరించే బీమా ఇది. చమురు కాలుష్యానికి ఒక్కో ప్రమాదానికి 100 కోట్ల డాలర్ల దాకా కవర్ ఉంటుంది. 2012 జులై 1 నుంచి ఇరాన్ చమురు మోసే ఓడలకి యూరోపియన్ యూనియన్ ఈ బీమాను నిషేధించింది. ఆ జూన్ చివరి వారం మా ఆఫీసులో ఎవరమూ సరిగ్గా నిద్రపోలేదు. ఓడ ఉంది, సరుకు ఉంది, కొనే రిఫైనరీ ఉంది. బీమా ఒక్కటే లేదు. ఆ ఒక్క కాగితం లేక పోర్టు లోపలికి రానివ్వదు, ఓడ యజమాని కదలనివ్వడు.

జపాన్ తన పార్లమెంటులో చట్టం చేసి ప్రభుత్వ హామీ ఇచ్చింది. మన ప్రభుత్వం దేశీయ బీమా కంపెనీల చేత కవర్ ఇప్పించింది. మొదట్లో అది ఒక్కో ఓడకి 5 కోట్ల డాలర్లు. 100 కోట్లు ఉండాల్సిన చోట 5 కోట్లు. మా పెద్దాయన ఒకరు ఆ కాగితం చేతిలో పట్టుకుని "దేవుడి మీద భారం వేసి పంపుతున్నాం" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. డబ్బు చెల్లింపుల మీద ఆంక్షలు కూడా తోడై, 2011లో రోజుకి 25 లక్షల బ్యారెళ్ల దగ్గర ఉన్న ఇరాన్ ఎగుమతులు రెండేళ్లలో దాదాపు సగానికి పడిపోయాయి. ఒక్క యుద్ధనౌకనీ అడ్డం పెట్టలేదు.

కానీ ఈ ఆయుధానికి రెండోవైపు కూడా పదునుంది. ఆ పదును తగిలేది మనలాంటి తీరప్రాంతాలకే. మంచి బీమా ఇవ్వం అంటే ఓడలు ఆగిపోవు, కొన్నాళ్లకి బీమా లేకుండా తిరగడం నేర్చుకుంటాయి. తుక్కుకి పోవాల్సిన 20 ఏళ్ల ట్యాంకర్లను ఎవరో ఊరూపేరూ లేని కంపెనీలు కొని, గాబన్ జెండానో కుక్ ఐలాండ్స్ జెండానో కట్టి, ఓడ ఎక్కడుందో చెప్పే ట్రాన్స్‌పాండర్ ఆపేసి తిప్పుతాయి. షాడో ఫ్లీట్ అని పత్రికలు రాసేది వీటినే. 2017 జనవరి 28 తెల్లవారుజామున ఎన్నూరు పోర్టు బయట రెండు ఓడలు ఢీకొని నూనె తీరానికి కొట్టుకొచ్చినప్పుడు, మత్స్యకారులూ కాలేజీ పిల్లలూ బకెట్లతో ఆ నల్లటి ముద్దను ఎత్తిపోశారు. ఆ వాసన రోజుల తరబడి బట్టల్లోంచి పోలేదు. అక్కడ పడింది ఓడ నడవడానికి వాడే ఇంధనం మాత్రమే. 10 లక్షల బ్యారెళ్ల క్రూడ్ నింపుకున్న ట్యాంకర్ పగిలి, దాని బీమా కాగితం దొంగదని తేలితే, ఎన్నూరు కుప్పంలోని మనిషి నష్టపరిహారం ఎవరిని అడగాలి? ఆంక్షలు రాసేవాళ్లు ఈ ప్రశ్నకి జవాబు రాయకుండా సంతకం పెట్టకూడదు. నాకు దీనిమీద చాలా పట్టింపు ఉంది.

ఇప్పుడు డబ్బు. ఇప్పటిదాకా నేను చూసినవాటిలో అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు 2013 ఫిబ్రవరి నుంచి ఇరాన్ విషయంలో అమల్లోకి వచ్చింది. అమెరికా చట్టం చెప్పింది సుమారుగా ఇది: ఇరాన్ చమురు కొంటున్న దేశాలు కొనుగోళ్లు తగ్గించుకుంటూ పోతే 180 రోజులకోసారి మినహాయింపు పొడిగిస్తాం; కానీ చమురు డబ్బు కొన్న దేశం దాటి పోకూడదు. అక్కడి బ్యాంకు ఖాతాలోనే ఉండాలి. ఆ దేశపు సరుకులు కొనుక్కోవడానికే వాడాలి.

మన దగ్గర అంతకుముందే ఇలాంటిది మొదలైంది. 2010 డిసెంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ ఆసియన్ క్లియరింగ్ యూనియన్ (ఆసియా దేశాల కేంద్ర బ్యాంకుల మధ్య చెల్లింపుల ఏర్పాటు) దారి మూసేశాక కొంతకాలం టర్కీలోని బ్యాంకు ద్వారా చెల్లించారు. తర్వాత కోల్‌కతాలోని యూకో బ్యాంకులో రూపాయి ఖాతా తెరిచి, 45 శాతం రూపాయల్లో వేయడం మొదలుపెట్టారు. మిగిలింది బాకీగా పేరుకుపోయింది. ఆ రూపాయలతో ఇరాన్ ఏం చేయగలదు? మన బాస్మతి బియ్యం, సోయా పిండి, టీ, మందులు కొనుక్కోగలదు. అవే కొంది. హర్యానా, పంజాబ్ బాస్మతి రైతులకి ఆ రెండు మూడేళ్లు మంచి కాలం. 2016లో ఆంక్షలు ఎత్తేసేనాటికి మన రిఫైనరీలు ఇరాన్‌కి చెల్లించాల్సిన బాకీ 600 కోట్ల డాలర్లు దాటింది.

ఈ ఏర్పాటులో ఎవరెవరికి ఏం దక్కిందో చూడండి. చమురు మార్కెట్‌లోకి వచ్చింది, కాబట్టి ధర ఎగరలేదు. కొన్న దేశానికి తన సొంత ఎగుమతులు పెరిగాయి, కాబట్టి ఆంక్షను తప్పించుకోవాలన్న తొందర తగ్గింది. అమ్మిన దేశపు ప్రజలకి తిండీ మందులూ అందాయి. ఆ ప్రభుత్వం చేతికి మాత్రం తనకి నచ్చినట్టు ఖర్చు పెట్టుకునే డాలర్లు రాలేదు. పైగా ఖాతాలో పేరుకున్న డబ్బు రోజూ కనిపిస్తూ ఉంటుంది. ఒప్పందానికి వస్తే ఇది నీది అని చూపించగలిగే డబ్బు అది. 2013 నుంచి ఇరాన్ చర్చల బల్ల దగ్గర కూర్చుని 2015 జులైలో అణు ఒప్పందం చేసుకోవడానికి ఇదొక్కటే కారణమని నేననను. కానీ ముఖ్యమైన కారణాల్లో ఇదొకటని గట్టిగా నమ్ముతున్నాను.

రష్యా విషయంలో దీన్ని వదిలేసి వేరే దారి తొక్కారు. జీ7, యూరోపియన్ యూనియన్, ఆస్ట్రేలియా కలిసి 2022 డిసెంబర్ 5 నుంచి ధర పరిమితి పెట్టాయి. రష్యా క్రూడ్ 60 డాలర్లకి లోపు అమ్మితేనే మా బీమా, మా ఓడలు వాడుకోవచ్చు అన్నాయి. ఆలోచన మంచిది. నేను పైన వేసిన లెక్కలో రెండో పద్ధతి అదే. తయారీలో తప్పులు జరిగాయి.

మొదటిది గడువు. రష్యా చమురు మీద యూరప్ తన నిషేధాన్ని 2022 జూన్‌లో ప్రకటించి డిసెంబర్‌లో అమలు చేసింది. ఆ ఆరునెలల్లో ఏం జరిగిందో మా రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. పాత ట్యాంకర్ల ధర పెరుగుతూ పోయింది. కొంటున్నదెవరో ఎవరూ చెప్పేవారు కాదు. రెండోది పరిమితి పెట్టిన స్థాయి. 60 అనేది ఆనాటి రష్యా క్రూడ్ ధరకి దగ్గరగానే ఉంది. వదులుగా ఉన్న చొక్కా ఎవరినీ నొక్కదు. 2023 వేసవిలో ఆ ధర 60 దాటి పైకి వెళ్లినా పరిమితి కదల్లేదు. 2025 సెప్టెంబర్‌లో యూరప్ దాన్ని 47.60కి దించి, దాంతోపాటే సగటు మార్కెట్ ధరకన్నా 15 శాతం తక్కువగా దానంతట అదే మారే సూత్రం పెట్టింది. ఆ సూత్రం మొదటి రోజే ఉండాల్సింది.

మూడోది కాగితం. పరిమితి లోపలే కొన్నామని వ్యాపారి ఒక ధ్రువీకరణ పత్రం ఇస్తే బీమా కంపెనీ దాన్ని ఫైల్లో పెట్టుకుంటే చాలు. అసలు ఇన్వాయిస్ అది చూడదు. సరుకు ధర 58 అని రాసి, ఓడ కిరాయి, బీమా, ఇతర ఖర్చుల పేరుతో మిగతాది రాబట్టుకోవచ్చు. ఆ కిరాయి పుచ్చుకునే కంపెనీ అమ్మకందారు తమ్ముడిదే కావచ్చు. 2023 డిసెంబర్‌లో ప్రతి ప్రయాణానికీ పత్రం ఇవ్వాలని, అడిగితే ఖర్చులు విడివిడిగా చూపాలని నిబంధన బిగించారు. అప్పటికి ఏడాది గడిచిపోయింది, చాలా సరుకు పూర్తిగా షాడో ఫ్లీట్‌కి మారిపోయింది.

ఇది కొత్త జబ్బేమీ కాదు. ఇరాక్ మీద 1990లో ఐక్యరాజ్యసమితి పూర్తి నిషేధం పెడితే సామాన్య జనం నలిగిపోయారు. దాంతో 1996 చివర్లో చమురుకి బదులు ఆహారం పథకం తెచ్చారు. ఉద్దేశం ఉత్తమమైనదే. కానీ ఎవరికి అమ్మాలో ఎంచుకునే హక్కు ఇరాక్‌కే వదిలారు, అధికారిక ధర మార్కెట్ కన్నా తక్కువగా ఉండేది. ఆ తేడా ఎక్కడికి పోతుంది? బ్యారెల్‌కి కొన్ని సెంట్ల చొప్పున లంచంగా బయటి ఖాతాల్లోకి పోయింది. 2005లో ఐక్యరాజ్యసమితి వేసిన వోల్కర్ దర్యాప్తు కమిటీ ఆ లెక్కలు బయటపెట్టినప్పుడు మన విదేశాంగ మంత్రి నట్వర్ సింగ్, ఆరోపణల్ని ఖండించినా, పదవి వదులుకోవాల్సి వచ్చింది. అధికారిక ధరకీ అసలు ధరకీ మధ్య ఖాళీ వదిలితే ఆ ఖాళీ ఎవరి జేబులోకి వెళ్లాలో కూడా మీరే రాసిపెట్టాలి. రాయకపోతే వాళ్లు రాసుకుంటారు.

అమలు విషయంలో నాకు నచ్చిన మార్పు 2025 జనవరిలో వచ్చింది. రష్యా చమురు విషయంలో అమెరికా ఒకేసారి 180కి పైగా ఓడల్ని పేరుపేరునా ఆంక్షల జాబితాలో పెట్టింది. ఓడ పేరు మార్చవచ్చు, జెండా మార్చవచ్చు, యజమాని కంపెనీ మార్చవచ్చు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ పేరుతో ఉండే ఐఎంఓ నంబర్ మాత్రం ఓడ పుట్టినప్పటినుంచి తుక్కయ్యేదాకా ఒకటే, ఏడు అంకెలు. ఆ నంబర్ జాబితాలో పడిన రోజునుంచి చైనా షాన్‌డాంగ్ పోర్టులే వద్దన్నాయి, మన పోర్టులూ కొద్ది వారాల గడువు తర్వాత వద్దన్నాయి. కోట్ల డాలర్లు పెట్టి కొన్న ఓడ లంగరు వేసుకుని కూర్చుంటే దాని యజమాని అమ్మకందారు దగ్గర ఎక్కువ కిరాయి అడుగుతాడు. ఆ కిరాయి చమురు దేశపు రాబడిలోంచే పోతుంది. నేను కోరుకునేది సరిగ్గా అదే.

అయితే జాబితా ఒకసారి వేసి వదిలేస్తే మూడు నెలల్లో పాతబడుతుంది. రిటైరయ్యాక కాగితాలు చూసిపెట్టమని అప్పుడప్పుడు నన్ను పిలుస్తుంటారు. ఒకసారి మలేషియా బ్లెండ్ (అక్కడి మిశ్రమ క్రూడ్) అని, సరుకు ఏ దేశానిదో చెప్పే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్‌తో ఒక ఆఫర్ వచ్చింది. కాగితం చక్కగా ఉంది. కింద క్వాలిటీ రిపోర్టులో గంధకం శాతం, సాంద్రత చూస్తే అది పర్షియన్ గల్ఫ్ క్రూడ్ అని మాలాంటి వాళ్లకి అర్థం కావడానికి అయిదు నిమిషాలు పట్టదు. ఓడ నుంచి ఓడకి సరుకు మార్చి కొత్త కాగితం పుట్టించారు. ఏ క్రూడ్ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు, పోర్టు కాగితం చదవగలవాళ్లు ఆంక్షల ఆఫీసుల్లో కూర్చోవాలి. లాయర్లు మాత్రమే కూర్చుంటే సర్టిఫికెట్ మీది ముద్ర చూసి సరే అంటారు. చైనా దిగుమతి లెక్కల్లో మలేషియా నుంచి వచ్చినట్టు నమోదైన క్రూడ్, మలేషియా తవ్వేదానికన్నా ఎక్కువ. దీనికి పరిశోధన కూడా అక్కర్లేదు.

మీరు అడిగిన చివరి సంగతి, మనలాంటి దేశాలు. చెన్నై మణలిలోని రిఫైనరీ కోసం 1965లో కంపెనీ పెట్టినప్పుడు భారత ప్రభుత్వం, అమెరికా కంపెనీ అమోకో, ఇరాన్ జాతీయ చమురు సంస్థ, ముగ్గురూ భాగస్వాములు. ఇరాన్ సంస్థకి అందులో ఇప్పటికీ 15 శాతం దాకా వాటా ఉంది. ఈ నగరంలో బస్సెక్కి వెళ్లి చూడగలిగినంత దూరంలో అమెరికా, ఇరాన్ ఒకే గొడుగు కింద కలిసి పనిచేసిన చోటు ఉంది. మనకి ఆంక్షలంటే ఎప్పుడూ ఎవరో ఇద్దరి గొడవలో మన వంటింటి ఖర్చు మారడమే. అందుకే మూడో దేశాన్ని ఎలా ఒప్పించాలన్నది ఈ రూపకల్పనలో పక్కన పెట్టగలిగే విషయం కాదు.

2025 ఆగస్టు 27 నుంచి అమెరికా, రష్యా చమురు కొంటున్నందుకని మన సరుకుల మీద 25 శాతం అదనపు సుంకం వేసి మొత్తం 50 చేసింది. రష్యా దగ్గర మనంత కొంటున్న చైనాకి అలాంటి సుంకం వేయలేదు. దెబ్బ ఎవరికి తగిలింది? తిరుప్పూర్‌లో బనియన్లు కుట్టే అమ్మాయికి, ఆంబూరు తోలు పరిశ్రమకి, భీమవరం దగ్గర రొయ్యల చెరువు మీద అప్పు తెచ్చిన రైతుకి. వాళ్లెవరూ ఒక్క బ్యారెల్ కొనలేదు. కొనాలా వద్దా అని వాళ్లని ఎవరూ అడగలేదు. మా బావగారిది ఆకివీడు పక్క ఊరు, ఆ నెలలో ఆయన ఫోన్లో పడిన టెన్షన్ నాకు తెలుసు. అదే ఏడాది అక్టోబర్ 22న అమెరికా రష్యా చమురు కంపెనీలు రోస్‌నెఫ్ట్, లూకాయిల్‌లను నేరుగా ఆంక్షల జాబితాలో పెట్టింది. ఈసారి రిఫైనరీలు తామే వెనక్కి తగ్గాయి. ఎందుకంటే ఆ లావాదేవీ ముట్టుకోవడానికి బ్యాంకు ఒప్పుకోదు. రష్యా ఇవ్వాల్సిన డిస్కౌంట్ పెరిగింది. శిక్ష లావాదేవీ మీద పడితే అమ్మేవాడు నష్టపోతాడు. దేశం మీద పడితే సంబంధం లేనివాడు నష్టపోతాడు, పైగా ఆ దేశపు ప్రభుత్వానికి పౌరుషం వచ్చి మొండికేస్తుంది.

ఆంక్షల ఎత్తివేత సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో నేర్చుకోవాల్సింది ఒక్కటే. 2015 ఒప్పందాన్ని ఇరాన్ పాటిస్తోందని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చెబుతుండగానే 2018 మేలో అమెరికా బయటికి వచ్చేసింది. మనతో సహా ఎనిమిది దేశాలకి ఇచ్చిన మినహాయింపు కూడా 2019 మే మొదట్లో ముగిసింది. ఆ తర్వాత "మీరు దారికొస్తే ఎత్తేస్తాం" అనే మాటకి విలువ తగ్గిపోయింది. ఏం చేస్తే ఎత్తేస్తారో, ఎవరు ధ్రువీకరిస్తారో, ఎత్తేశాక మళ్లీ పెట్టాలంటే ఏం జరగాలో మొదటి కాగితంలోనే ఉండాలి.

చివరగా మందులు. ప్రతి ఆంక్షల చట్టంలోనూ ఆహారానికీ మందులకీ మినహాయింపు ఉంటుంది. కాగితం మీద ఉంటుంది. 2019లో హైదరాబాద్ మందుల వ్యాపారంలో ఉన్న ఒక మిత్రుడి సరుకు ఇక్కడి పోర్టులో నిలిచిపోయింది. అందులో ఉన్నవి క్యాన్సర్ రోగుల మందులు. చట్టప్రకారం వాటికి ఏ అడ్డూ లేదు. కానీ ఇరాన్ అన్న పేరు చూడగానే బ్యాంకులో అధికారి ఫైల్ పక్కన పెట్టేశారు. ఆయన్ని తప్పుపట్టలేను, పొరపాటు జరిగితే పోయేది ఆయన ఉద్యోగం. మూడు వారాలు తిరిగాం. 2020 జనవరిలో స్విట్జర్లాండ్‌తో కలిసి అమెరికా ఇరాన్‌కి మందులూ ఆహారమూ పంపడానికి ఒక ప్రత్యేక చెల్లింపు మార్గం తెరిచింది. అలాంటిది ఆంక్షలు మొదలైన రోజే, కొనే ప్రతి దేశంలోనూ ఒక బ్యాంకు పేరు రాసి, "ఈ బ్యాంకు ద్వారా మందులకి డబ్బు చెల్లిస్తే మీ మీద చర్య ఉండదు" అని సంతకంతో లేఖ ఇవ్వాలి. మినహాయింపు ఉందని చట్టంలో రాస్తే ఆ అధికారి భయం పోదు. ఆ లేఖ ఆయన డెస్కు మీద ఉంటే ఆ మధ్యాహ్నమే ఫైల్ కదులుతుంది.